ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ తర్వాత: మెయిలా, ఫోనా?

ఇంటర్వ్యూ ముగించుకుని రాయదుర్గంలో మెట్రో ఎక్కేలోపే టెన్షన్ మొదలవుతుంది: ఇప్పుడు మెయిల్ పెట్టాలా, ఫోన్ చేయాలా?

నా ఓటు మెయిల్‌కే. హెచ్‌ఆర్ వాళ్లు తీరిక దొరికినప్పుడు చదువుకుంటారు, మేనేజర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. ఫోన్‌లో మాట్లాడింది ఆ పూటకే మర్చిపోవచ్చు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇస్తే పాత సంగతంతా కిందే ఉంటుంది, మీరెవరో వెతుక్కోనక్కర్లేదు. 24 గంటల్లోపు నాలుగు వాక్యాల్లో థ్యాంక్స్ చెప్పి, అక్కడ మాట్లాడుకున్న ఒక విషయం గుర్తు చేయండి. తడబడిన ప్రశ్నకు ఇంటికెళ్లాక జవాబు తట్టిందా? అదీ ఒక లైన్లో రాయొచ్చు. ఫోన్‌లో ఇది కుదరదు. మళ్లీ అడగడం వాళ్లు చెప్పిన గడువు దాటాకే. గడువేమీ చెప్పకపోతే ఓ వారం ఆగండి.

మరి ఫోన్ దండగా? కాదు. మాదాపూర్‌లో పదిమంది ఉండే స్టార్టప్‌లో ఫౌండరే నంబరిచ్చి "కాల్ చెయ్" అంటే, మెయిల్ రాస్తూ కూర్చోవడం అతి మర్యాద. ఇంకోచోట ఆఫర్ వచ్చి రెండు రోజుల్లో చెప్పమన్నా ఫోనే మేలు. సోమవారం పొద్దున్నే మాత్రం వద్దు. ఎత్తకపోతే ఒక్క మెసేజ్ పెట్టి వదిలేయండి. వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసుకుంటూ రోజూ "సర్, ఎనీ అప్‌డేట్?" అని పంపడం ఈ రెండింటికన్నా అధ్వానం.