గుంపు చేప ఒంటరిదైతే: ట్యాంకులో వేలాడదీసే వల పెట్టె, నాలుగేళ్ల వాడకం తర్వాత

అక్వేరియంలో పెంచే కోరీ, టెట్రా, బార్బ్, లోచ్ లాంటి, గుంపుగా బతికే చేప ఒక్కటే మిగిలిపోతే దాన్ని కొత్త ట్యాంకుకూ కొత్త తోడుకూ అలవాటు చేయడానికి ఈ వల పెట్టెను (కోరీలకూ చిన్న లోచ్‌లకూ మాత్రం ప్లాస్టిక్ రకాన్ని) నాలుగేళ్లుగా వాడుతున్నాను. దీన్ని అమ్మేది గప్పీ పిల్లల్ని పెద్ద చేపల నుంచి కాపాడటానికి. నన్నడిగితే దీని అసలు విలువ ఒంటరి చేప దగ్గరే తెలుస్తుంది. మొదటి మూడు రోజులకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు. ఐదో రోజు దాటిందా, అదే పెట్టె చేపకు చెర అవుతుంది.

ప్లాస్టిక్ కడ్డీల చట్రం, దానికి తొడిగిన సన్నని నైలాన్ వల, గాజుకు అంటించే సక్షన్ కప్పులు, అంతే వస్తువు. నేను వాడేది 17 × 13 × 13 సెంటీమీటర్లు. పై అంచు నీటిపైన 3 సెంటీమీటర్లు తేలేలా పెడితే లోపల రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు నిలుస్తాయి. 4 సెంటీమీటర్ల లోపు చేపకు అది సరిపోతుంది. అరచేయంత క్లౌన్ లోచ్‌ను ఇందులో కుక్కడం తప్పు. అంత చేపకు ట్యాంకునే చిల్లుల ప్లాస్టిక్ పలకతో రెండుగా విడదీయాలి.

ఇది పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. గుంపులో ఉన్న చేప ప్రమాదాన్ని కనిపెట్టే పని అన్నిటితో పంచుకుంటుంది. ఒంటరి చేప నాలుగు దిక్కులూ తానే చూసుకోవాలి, అందుకే మేత మానేసి మూల చేరుతుంది. వల లోపల ఉన్నప్పుడు దానికి తోటి చేపలు కనిపిస్తాయి, వాటి వాసన నీళ్లలో అందుతుంది, అయినా ఏదీ వచ్చి తరిమే వీలుండదు. అద్దంలాంటి గోడలున్న ప్లాస్టిక్ పెట్టెలకు సన్నని చీలికలే ఉంటాయి కాబట్టి నీళ్లు అంత ధారాళంగా మారవు. ఆ విషయంలో వలదే పైచేయి.

అయితే కోరీలకు మాత్రం వల వద్దు. వాటి వెన్ను రెక్కకూ పక్క రెక్కలకూ ముందు ఒక్కో గట్టి ముల్లు ఉంటుంది. బెదిరితే ఆ ముళ్లను నిటారుగా బిగిస్తాయి, అవి నైలాన్ దారాల్లో ఇరుక్కుంటాయి. క్లౌన్ లోచ్‌కు కంటి కింద ముల్లు, దానితోనూ ఇదే చిక్కు. ఇరుక్కున్న చేపను లాగి విడిపిస్తే చర్మం చీరుకుపోతుంది. ఆ గాయం దానితోనే ఆగదు. కార్ల్ వాన్ ఫ్రిష్ 1938లో మిన్నో చేపల్లో చూపించిన సంగతి ఇది: గాయపడిన చర్మం నుంచి వెలువడే పదార్థం నీళ్లలో కలిస్తే మిగతా చేపలు బెదిరి పారిపోతాయి. టెట్రాలు, లోచ్‌లు, కోరీలు కూడా అదే పెద్ద వర్గంలోవి. ఏ తోడు కోసం పెట్టె పెట్టామో ఆ తోడే దూరం జరుగుతుంది. అందుకని కోరీలకూ చిన్న లోచ్‌లకూ చీలికల ప్లాస్టిక్ పెట్టె వాడి, లోపల నీరు కదిలేలా పక్కనే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెడతాను. చేపను చేతి వలతో కాకుండా గిన్నెతో నీళ్లతో సహా ఎత్తుతాను. ముల్లు వలలో ఇరుక్కుంటే లాగకండి, వలనే కత్తిరించండి.

పెట్టె ఎక్కడ వేలాడుతుందన్నది పెట్టె నాణ్యత కన్నా ముఖ్యం. ఫిల్టర్ నీళ్లు పడే చోట పెడితే వల ఊగిపోయి చేప అలసిపోతుంది. తోటి చేపలు విశ్రమించే వైపున, ఒక పక్క మొక్కలు ఆనుకునేలా పెట్టాలి. లోపల గుప్పెడు జావా మాస్ (నీటిలో పెరిగే నాచు మొక్క), అడుగున ఒక కుండ పెంకు ఉంచాలి. కోరీ అయితే సీసా మూతలో సెంటీమీటరు మందాన మెత్తటి ఇసుక పోసి పెట్టండి, దాని మీసాలు తవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. పైన మూత తప్పనిసరి. పాములా సన్నగా ఉండే కూలీ లోచ్ మూలనున్న సందులోంచి కూడా జారిపోతుంది.

చేపను దింపేటప్పుడు ట్యాంకు లైటు ఆర్పేయాలి. చేపను తెచ్చిన సంచిని విప్పకుండానే నీటిపై 15 నుంచి 20 నిమిషాలు తేలనిచ్చి వేడిని సమం చేయాలి. తర్వాత సంచి ఎంతసేపు మూసి ఉందో చూసుకోవాలి. గంటా రెండు గంటల ప్రయాణమే అయితే ముడి వేసిన ఎయిర్ ట్యూబుతో సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున ట్యాంకు నీళ్లు కలపవచ్చు. పూటల తరబడి మూసి ఉన్న సంచికి ఈ పద్ధతి ప్రమాదం. అందులో అమ్మోనియా పేరుకుని ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గి ఉండటంతో అది అంతగా హాని చేయదు. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అలాంటి చేపను వేడి సమం కాగానే పెట్టెలోకి మార్చేయాలి. సంచిలోని నీళ్లు ఏ పరిస్థితిలోనూ ట్యాంకులో పోయకూడదు.

మొదటి 24 గంటలు మేత వద్దు. రెండో రోజు నాలుగైదు డాఫ్నియాలో (నీటి ఈగలు), మంచు కరిగించిన బ్రైన్ ష్రింపులో (చిట్టి ఉప్పునీటి రొయ్యలు) చాలు. పది నిమిషాల్లో తినకపోతే సిరంజితో పీల్చి తీసేయండి. పెట్టెలో అసలు తంటా ఇక్కడే వస్తుంది. మిగిలిన మేత కుళ్లి వలకు జిగురు పడితే నీటి ప్రవాహం మందగిస్తుంది. ట్యాంకు నీళ్లు శుభ్రంగా ఉన్నా పెట్టెలోని నీళ్లు చెడిపోవచ్చు. అమ్మోనియా పరీక్ష పెట్టె లోపలి నీళ్లతో చేయండి, సున్నా రావాలి. రోజూ ఒకసారి వల బయటి గోడలను మెత్తని టూత్ బ్రష్‌తో నెమ్మదిగా రుద్దితే చాలు.

విడిచిపెట్టే సమయం క్యాలెండరు చెప్పదు, చేపే చెబుతుంది. రెక్కలు ఒంటికి అంటుకుని, రంగు వెలిసి, మొప్పలు వేగంగా ఆడుతున్నంతసేపు ఆగాలి. రెక్కలు విప్పి, మేతకు ముందుకొచ్చి, వలకు అవతల తోటి చేప ఆగిన చోటే తానూ ఇవతల ఆగుతోందంటే సిద్ధమైనట్టే. చాలావరకు రెండో మూడో రోజున ఇది కనిపిస్తుంది. ఐదో రోజుకీ మారకపోతే పెట్టెలో ఇంకా ఉంచడం వల్ల మేలు జరగదు, మొక్కలు దట్టంగా ఉన్న వైపు వదిలేయాలి. సాయంత్రం లైటు ఆర్పి, ట్యాంకు అవతలి కొసన మిగతా చేపలకు మేత వేసి, పెట్టె ఒక అంచు నీళ్లలో మునిగేలా కిందికి దించండి. బోర్లించకండి. దానంతట అది బయటికి రావాలి. ఖాళీ పెట్టెను రాత్రంతా అలాగే ఉంచితే కొన్ని చేపలు తిరిగి అందులోకే వచ్చి పడుకుంటాయి.

పెట్టె చేయలేని పనులు రెండున్నాయి. మొదటిది క్వారంటైన్. ట్యాంకు నీళ్లే వలలోంచి పారుతాయి కాబట్టి తెల్లమచ్చల రోగం ఇంచక్కా దాటిపోతుంది. చేపను ముందు వేరే ట్యాంకులో మూడు నాలుగు వారాలు ఉంచాల్సిందే. ఆ వారాలు కూడా ఒంటరిగా గడవకుండా, కొత్తగా కొన్న తోడు చేపలనూ దీన్నీ కలిపి అక్కడే ఉంచడం నయం. కానీ దాని పాత జట్టు రోగంతో పోయి ఉంటే మాత్రం కలపకూడదు.

రెండోది తోడు. వేరే జాతితో సర్దుకుంటుందన్న ఆశ కొంతవరకే నిజం. ఒంటరి నియాన్ టెట్రా కార్డినల్ టెట్రాల వెంట తిరగవచ్చు, కంచు కోరీ మిరియాల కోరీ పక్కన పడుకోవచ్చు. సొంత జాతి ఉన్నప్పటి నిబ్బరం మాత్రం రాదు. ఆరుకు తగ్గకుండా ఒకే జాతి ఉండాలి. టైగర్ బార్బ్ అయితే ఒకే ఒక్క తోడు తేవడం మరీ చేటు: కోపమంతా ఆ ఒక్కదాని రెక్కల మీదే తీర్చుకుంటుంది. తెస్తే ఐదింటిని ఒకేసారి తెండి. అంత చోటు లేకపోతే, అదే జాతి గుంపు ఉన్నవాళ్లకు ఆ చేపను ఇచ్చేయడమే దానికి మంచిది. ఎన్నేళ్లు పెంచుకున్నా సరే, నేను అదే సలహా ఇస్తాను.

మన్నిక విషయానికొస్తే చట్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది, వల ఒకసారి మార్చాను. సక్షన్ కప్పులు మాత్రం వెచ్చటి నీళ్లలో ఆరేడు నెలలకే బిరుసెక్కి పట్టు వదిలేస్తాయి. రాత్రిపూట పెట్టె ఒక పక్కకు ఒరిగిందంటే కారణం అదే, అందుకే అంచుకు తగిలించే కొక్కేలున్న రకాన్నే ఎంచుకోండి. వాడకం అయ్యాక సబ్బు తగలనివ్వకుండా వేడినీళ్లతో కడిగి, వల దారాల్లో తడి లేకుండా రెండు మూడు రోజులు ఎండనిచ్చాకే దాచిపెట్టండి.