బ్రూక్స్ జలపాతం దగ్గర గ్రిజ్లీ ఎలుగులు: గుడారమా, లాడ్జియా?

అలాస్కాలోని కాట్మై జాతీయ పార్కులో బ్రూక్స్ క్యాంపుకు రోడ్డు లేదు, అందుకే ఖర్చులో సింహభాగం విమానాలకే పోతుంది. ఆంకరేజ్ నుంచి కింగ్ శాల్మన్ అనే ఊరి దాకా మామూలు విమానం, ఆపైన నీటి మీద వాలే బుల్లి విమానం. సంచులతో పాటు మనుషులనూ తూకం వేసి మరీ ఎక్కిస్తారు. పొగమంచు పట్టడంతో మేము ఒక పూటంతా రేవు పక్క షెడ్డులోనే పడిగాపులు కాశాం. ఎప్పుడు బయల్దేరతారో చెప్పే నాథుడే లేడు. మంచు విడిచేదాకా కదిలేది లేదని భీష్మించుకున్న పైలట్‌కు మాత్రం దండం పెట్టాలి.

అక్కడే కలిసిన ఒక గైడు ఎలుగుల వేట సీజన్లో వేటగాళ్లను తీసుకెళ్తాడట. పార్కులో వేట నిషిద్ధం. ఉత్తరాన దాన్ని ఆనుకుని ఉన్న ప్రిజర్వు అనే రక్షిత ప్రాంతంలో అనుమతి ఉంది. బయటి రాష్ట్రాల వాళ్లకైతే లైసెన్సున్న గైడో, అలాస్కాలో స్థిరపడిన దగ్గరి బంధువో వెంట ఉండాల్సిందే. విమానంలో దిగిన రోజే వేటాడకూడదు. ఖర్చు 20,000 డాలర్ల పైమాటే. పక్కనున్న బ్రిటిష్ కొలంబియా (కెనడా) గ్రిజ్లీల వేటను 2017లోనే మాన్పించింది. అంత పోసి చంపడం నాకు మింగుడుపడదు. అయినా ఎలుగుల నడవడి గురించి అతను చెప్పినంత బాగా మరెవరూ చెప్పలేదు.

బ్రూక్స్ క్యాంపులో అడుగుపెట్టగానే రేంజర్ల పాఠం వినాలి. ఎలుగుకు 50 గజాల దూరం పాటించాలి, ఎదురైతే పరుగెత్తకూడదు, తిండి గుడారంలోకి రాకూడదు. మా ఆవకాయ సీసా కూడా తిండి సామాన్ల కొట్లోకే వెళ్లింది.

లాడ్జి గదులు లాటరీలో వస్తాయి. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, లోపల ఉండేవి అంతస్తుల మంచాలే. క్యాంపుగ్రౌండు చుట్టూ విద్యుత్ కంచె ఉంటుంది, 60 మందికి చోటు. వండుకునే ఓపిక లేనప్పుడు డబ్బు కట్టి లాడ్జిలో భోంచేయవచ్చు. కాబట్టి నా ఓటు గుడారానికే.

ఒక్కరోజు యాత్రను మాత్రం సిఫారసు చేయను. పగటి విమానాల జనమంతా ఒకేసారి దిగుతారు. జలపాతం ఎదుటి వేదిక మీదికి 40 మందినే అనుమతిస్తారు. రద్దీ వేళ గంట కాగానే దిగి మళ్లీ వంతు కోసం కాచుకోవాలి. సాయంత్రం విమానాలు వెళ్లిపోయాక వేదిక ఖాళీ అవుతుంది. చెవి చిరిగిన ఒక మగ ఎలుగు నురగలో నడుం దాకా మునిగి నిలబడింది. దొరికిన శాల్మన్ చేపను కాలి కింద అదిమి, చర్మం ఒలిచి, గుడ్లు నాకి, మాంసం చాలావరకు ఏటిలో వదిలేసింది. చేపలు అన్ని ఉన్నప్పుడు ఎలుగులు కొవ్వున్న ముక్కలే ఏరుకుంటాయట. మిగిలిందంతా సీగల్ పక్షుల పాలు.

1912 అగ్నిపర్వత విస్ఫోటనం బూడిద నింపిన లోయకు బస్సు ఉంది. తీరిక ఉంటే వెళ్లండి. జలపాతం దగ్గర ఎలుగులను చూడాలంటే జూలై, బాగా కొవ్వెక్కిన వాటిని చూడాలంటే సెప్టెంబరు. ఆగస్టులో చాలావరకు వేరే వాగులకు చెదిరిపోతాయి. క్యాంపుగ్రౌండు బుకింగ్ జనవరిలో మొదలవుతుంది. జూలై తేదీలు చూస్తుండగానే అయిపోతాయి.