ఉద్దానానికి ఏది మేలు: ఒక్కరోజు శిబిరమా, ఏళ్ల తరబడి ఫాలోఅప్పా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద బయటి యూనివర్సిటీలు రెండు తీరుల్లో పనిచేస్తాయి. శిబిరం పెట్టి రక్తం, మూత్రం తీసుకెళ్లడం ఒకటి. ఇక్కడి ఆసుపత్రితో కలిసి అవే కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించడం రెండోది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లకు రెండోదే మేలు.

శిబిరం లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఒంట్లో బాగోలేనివాళ్లే ఎక్కువగా వస్తారు కాబట్టి జబ్బు శాతం పెరిగి కనిపిస్తుంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఇక్కడ సర్వే చేసినప్పుడు ఊళ్లనూ మనుషులనూ శాంపిల్ పద్ధతిలో ఎంచుకున్నది అందుకే.

ఇక పరీక్ష సంగతి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే అంచనా) 60 కంటే తక్కువని ఒకసారి వస్తే చాలదు, 3 నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు. మిట్టమధ్యాహ్నం దాకా జీడితోటలో పనిచేసి, నీళ్లు తాగకుండా వచ్చినవాళ్లకు క్రియాటినిన్ (ఈజీఎఫ్ఆర్ లెక్కకు ఆధారమైన, రక్తంలోని వ్యర్థం) ఎక్కువ చూపొచ్చు. ముందురోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నా అంతే. మూత్రంలో ముంచే స్ట్రిప్‌ను నమ్ముకుంటే ఇంకో పొరపాటు: ఉద్దానం రోగుల్లో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, స్ట్రిప్ మామూలుగానే ఉంటుంది, కిడ్నీ మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. ‘ఏమీ లేదు పొండి’ అనిపించుకున్న మనిషి కిడ్నీకి చేటు చేసే ఒళ్లునొప్పుల బిళ్లలు మింగుతూనే ఉంటాడు.

ఫాలోఅప్‌లో అదే మనిషికి, అదే ల్యాబులో, అదే పద్ధతిలో పరీక్ష జరుగుతుంది. ఏడాదికి 5కు మించి ఈజీఎఫ్ఆర్ పడిపోతున్నవాళ్లు బయటపడేది ఇందులోనే. ఖర్చు ఎక్కువ, నిజమే. వలస వెళ్లినవాళ్లు మధ్యలో జారిపోతారు. ఆశా కార్యకర్త చేతిలో ఫోన్ నంబర్ల జాబితా లేకపోతే రెండో ఏడాదికే సగం ఖాళీ.

విదేశీ ల్యాబు తప్పనిసరయ్యే పని ఒకటుంది: మన దగ్గర యంత్రం లేని అరుదైన పరీక్షలు. ఏ ల్యాబుకు పంపినా నమూనా పట్టే తీరు ముఖ్యం: తాగునీటిలో లోహాలున్నాయేమో చూడాలంటే నీళ్లు పట్టే సీసాను ముందే యాసిడ్‌తో కడగాలి, పట్టిన నీళ్లలో నైట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2 కంటే కిందికి తేవాలి. లేకపోతే లోహం సీసా గోడకే అంటుకుపోతుంది, నీళ్లు శుభ్రమేనని తప్పుడు ఫలితం వస్తుంది.

ఏ బృందం వచ్చినా సంతకానికి ముందు అడగండి: ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా? విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఏది? రిపోర్టు తెలుగులో ఎన్ని రోజుల్లో ఇస్తారు? మూడు నెలల తర్వాత రెండో పరీక్షకు ఎవరు పిలుస్తారు, చార్జీలు ఎవరు పెట్టుకుంటారు?