పిండం రక్తనాళాలు: బీఆర్‌జీ1, సీహెచ్‌డీ4లలో దేని పని ఏమిటి?

రెండూ క్రొమాటిన్‌ను, అంటే ప్రొటీన్లతో చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏను, సర్దే ఎంజైములే. డీఎన్‌ఏ అక్షరాలను ముట్టుకోవు. ఏ జన్యువు తెరుచుకోవాలో, ఏది మూసి ఉండాలో చూస్తాయి.

ఎలుక పిండం రక్తనాళాల లోపొర కణాల్లో బీఆర్‌జీ1 లేకపోతే సొనసంచిలో నాళాల అల్లిక దెబ్బతింటుంది. వింట్ సంకేతాలకు (కణాల ఎదుగుదలను నడిపే సందేశాలకు) కావలసిన జన్యువులను ఆన్ చేసేది అదే. ఈ సంకేతాల విషయంలో సీహెచ్‌డీ4 దానికి ఎదురు పనిచేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది సీహెచ్‌డీ4. అది లేకపోయినా నాళాలు ఏర్పడతాయి, కానీ నిలవవు. అవి పగిలిపోయి గర్భం 11.5వ రోజుకల్లా ఎలుక పిండం చనిపోతుంది. కణాల మీద ప్లాస్మిన్ అనే ఎంజైము తయారీని పెంచే యూరోకైనేజ్ గ్రాహకం పెరిగిపోయి, ప్లాస్మిన్ అదుపు తప్పడమే దీనికి కారణమని తేలింది. రక్తపు గడ్డలను కరిగించే ఈ ఎంజైమే నాళాన్ని పట్టి ఉంచే లామినిన్ అనే ప్రొటీన్‌నూ అరగదీస్తుంది. ప్లాస్మిన్‌ను తగ్గిస్తే నాళాలు పగలడం తగ్గింది!