అల్వాల్ గదిలో ఎఫ్-16 కాక్‌పిట్: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

విమానం నడిపే కంప్యూటర్ ఆట డీసీఎస్ వరల్డ్‌లో ఎఫ్-16సీ యుద్ధవిమానం మాడ్యూల్ (విడిగా కొనుక్కునే భాగం) కొని మూడున్నరేళ్లు దాటింది. వారానికి మూడు నాలుగు రాత్రులు, పిల్లలు పడుకున్నాక, అల్వాల్‌లోని మా ఇంట్లో చిన్న గదిలో దీని ముందే కూర్చుంటాను. పగలు హకీంపేట నుంచి లేచే శిక్షణ విమానాల చప్పుడు మా మేడ మీదికి వినిపిస్తుంది. ఈ ఇష్టం అక్కడే మొదలైంది.

మొదటి నెల చాలా టెన్షన్ పడ్డాను. ఇందులో ఉన్నది 2007 ప్రాంతపు బ్లాక్ 50 రకం విమానం. రెండు తెరలు, ఒక్కో తెర చుట్టూ 20 బటన్లు, ఎదురుగా కీప్యాడ్, అటూ ఇటూ వరసగా స్విచ్‌లు. ఇంజన్ స్టార్ట్ చేయడానికే కాగితం చూసుకోవాల్సి వచ్చేది. నాలుగైదు నెలలకు గానీ అర్థం కాలేదు, ఆ బటన్లలో చాలా భాగం పోరుకు ముందు సర్దుకోవడానికేనని. ఎదుటి విమానం దగ్గరికొచ్చాక చేతులు స్టిక్‌నూ (విమానాన్ని తిప్పే పిడి) థ్రాటిల్‌నూ (ఇంజన్ శక్తి పెంచి తగ్గించే పిడి) వదలకూడదు, కళ్లు బయటే ఉండాలి. కాక్‌పిట్ అంతా దీనికోసమే అమర్చారు.

నాకు అన్నిటికంటే నచ్చింది థ్రాటిల్ మీది డాగ్‌ఫైట్ స్విచ్. నేల మీద లక్ష్యం కోసం తెరలో వెతుకుతుంటాను, పక్కనుంచి ఎవరో మీదికొస్తారు. ఆ స్విచ్ ఒక్కటి జరిపితే చాలు. రాడార్ దగ్గరి పోరు పద్ధతిలోకి మారుతుంది, హడ్ (కళ్ల ఎదుటి గాజు తెర) మీద తుపాకీ గురి వస్తుంది, దగ్గరి క్షిపణి సిద్ధమవుతుంది. తిరిగి మధ్యలోకి తెస్తే అంతకుముందు చేస్తున్న పని ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది. ఇంత ఆలోచించి చేసిన స్విచ్ నేను మరే విమానంలోనూ చూడలేదు.

స్టిక్ కాళ్ల మధ్య ఉండదు, కుడి పక్కన ఉంటుంది. తొలి ఎఫ్-16 విమానాల్లో అది అసలు కదిలేది కాదు. చెయ్యి ఎంత బలంగా నొక్కిందో కొలిచి కంప్యూటర్‌కు చెప్పేదంతే. తర్వాత పైలట్ చేతికి తెలిసేలా కొంచెం కదలిక ఇచ్చారు. సీటు 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. 9 జీ మలుపులో చెయ్యి తన బరువుకు తొమ్మిదింతలు తూగుతుంది కాబట్టి, దాన్ని ఆనించుకోవడానికి పక్కన ఆధారం పెట్టారు. ఇది చదివాక నేనూ వడ్రంగితో కుర్చీకి కుడి వైపు చిన్న బల్ల బిగించుకున్నాను. ఆ వారం నుంచే నా గురి కుదిరింది.

ఇబ్బందులూ ఉన్నాయి. నా 27 అంగుళాల మానిటర్ మీద డీఈడీ (సమాచారం చూపే చిన్న తెర) అక్షరాలు చదవాలంటే ముందుకు వంగాలి. ఎఫ్-16 కాక్‌పిట్ మీది పందిరి అద్దానికి ముందు అడ్డుచట్రం లేకపోవడం గొప్ప విషయమే, కానీ హెడ్ ట్రాకర్ (తల తిప్పితే ఆటలో చూపు తిప్పే పరికరం) కొనేదాకా ఆ సుఖం నాకు తెలియలేదు. నేను వాడిన మొదటి జాయ్‌స్టిక్ రెండో ఏడాదికే తనంతట తానే ఎడమకు లాగడం మొదలుపెట్టింది. విడిభాగం దొరకదన్నారు, కొత్తది కొనక తప్పలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బు ముందు స్టిక్ మీద పెట్టండి, గ్రాఫిక్స్ కార్డు తర్వాత చూసుకోవచ్చు.

మన ఆదిభట్లలో ఎఫ్-16 రెక్కలు తయారుచేస్తారని తెలిసిన రోజు ఎంత సంతోషించానో చెప్పలేను.

గాల్లో ఇంధనం నింపుకోవడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంధనం ఇచ్చే ట్యాంకర్ విమానం కింద నా విమానం ఒకచోట నిలిచేది కాదు, ముక్కు పైకీ కిందికీ ఊగేది. తర్వాత తెలిసింది, కాక్‌పిట్ వెనకున్న ఇంధన ద్వారం తెరవగానే ఫ్లై-బై-వైర్ (స్టిక్ సంకేతాలు అందుకుని విమానాన్ని తిప్పే) కంప్యూటర్ దిగేటప్పటి పద్ధతిలోకి మారుతుందని. చక్రాలు దించితే ఎలా స్పందిస్తుందో అలాగే అన్నమాట. నేను ట్యాంకర్ దగ్గరికి చేరాక ఆ ద్వారం తెరిచేవాణ్ని. అంటే సరిగ్గా కష్టమైన చోటే చేతికి కొత్త విమానం దొరికేది. ఇప్పుడు రెండు మైళ్ల దూరంలోనే తెరిచి, ఆ తీరుకు చెయ్యి అలవాటు చేసుకుని వెళ్తున్నాను. పోయిన శనివారం ఒక్కసారి కూడా గొట్టం ఊడకుండా ట్యాంకు నిండింది.