వాగులో చెత్త: చేత్తో ఏరడమా, తేలే కంచె కట్టడమా?

నగరంలో పారే వాగును బాగుచేయాలనుకునే వాలంటీర్ల ముందు రెండు దారులున్నాయి. అందరూ కలిసి దిగి చెత్త ఏరడం ఒకటి. నీటికి అడ్డంగా తేలే కంచె వేసి, కొట్టుకొచ్చేదాన్ని ఒకచోట ఆపడం రెండోది.

వాగులోని చెత్తలో చాలా భాగం వానలప్పుడు వీధి కాలువల నుంచి వచ్చేదే. ఆదివారం ఏరితే, తర్వాతి వానకు మళ్లీ నిండుతుంది. కంచె బలం ఇక్కడే: మనం లేనప్పుడూ పనిచేస్తుంది. అమెరికాలోని బాల్టిమోర్‌ నగరంలో 2014లో పెట్టిన ‘చెత్త చక్రం’ అనే యంత్రం ప్రవాహ బలంతో, సౌరశక్తితో తిరుగుతూ, కంచె దగ్గర చేరిన చెత్తను ఎత్తిపోస్తుంది. అయితే కంచెకు అనుమతి కావాలి, డబ్బు కావాలి, ఎప్పటికప్పుడు ఖాళీ చేసే మనుషులు కావాలి. పెద్ద వరదొస్తే చెత్త దాన్ని దాటిపోతుంది. మునిగిన సంచులు కిందనుంచి జారుకుంటాయి.

చెట్ల వేళ్లకు చుట్టుకున్న కవర్లు, బురదలో సగం కూరుకున్న టైర్లు చేతికే చిక్కుతాయి. ఇంకో పెద్ద లాభం లెక్క: ఏ రకం చెత్త ఎంతుందో రాసుకుంటే, అది ఎక్కణ్నుంచి వస్తోందో తెలుస్తుంది, పురపాలక అధికారులను నిలదీయడానికి ఆధారం దొరుకుతుంది. నా దృష్టిలో అందుకే మొదట చేత్తో ఏరడమే మేలు. కంచె ఎక్కడ వేయాలో కూడా ఆ లెక్కే చెబుతుంది.

దిగేవాళ్లు మందపాటి గ్లవ్స్, బూట్లు తప్పక వేసుకోవాలి. సూదులు ముట్టుకోకూడదు. వాన వెలిసిన వెంటనే అసలు దిగొద్దు: ప్రవాహం వడిగా ఉంటుంది, మురుగు కలిసి ఉంటుంది.