పదకొండేళ్ల శొంఠి కషాయం: నాకు ఎంత పనిచేసింది, ఎక్కడ పనిచేయలేదు

2014లో డిగ్రీ రెండో సంవత్సరం. పీరియడ్స్ మొదటి రోజు, హాస్టల్ మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని అమ్మమ్మకి ఫోన్ చేశాను. "శొంఠి కాచుకుని తాగవే, ఊరికే ఏడిస్తే తగ్గుతుందా" అంది. అప్పటి నుంచి వాడుతూనే ఉన్నాను.

మొదటి మూడు నెలలూ ఏమీ తేడా కనిపించలేదు. నొప్పి బాగా ముదిరాక తాగేదాన్ని, అదీ నా పొరపాటు. నెలసరి వచ్చే ముందే గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. గర్భాశయాన్ని పిండినట్టు బిగించేవి అవే. అల్లం, శొంఠి వాటి తయారీని కొంత తగ్గిస్తాయంటారు. అందుకే డేట్‌కి ఒక రోజు ముందే మొదలుపెట్టి, రెండో రోజు దాకా తాగడం అలవాటు చేసుకున్నాను. తేడా అప్పుడు తెలిసింది. నొప్పి పూర్తిగా పోలేదు కానీ క్లాసులో కూర్చోగలిగాను. నెలకి మూడు మాత్రలు వేసుకునేదాన్ని ఒకటికి వచ్చాను.

నా కొలత ఇది: అర టీస్పూను శొంఠి పొడి, గ్లాసున్నర నీళ్లు, గ్లాసు అయ్యేదాకా మరిగించి కాస్త బెల్లం. రోజుకి రెండుసార్లు, తిన్న తర్వాతే. పరగడుపున తాగి రెండుసార్లు గుండెల్లో మంటతో అల్లాడాను. అల్లం మీద జరిగిన పరీక్షల్లో రోజుకి ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా ఇచ్చారు, నా కొలత కూడా ఆ లోపే ఉంటుంది. ప్యాకెట్ పొడి కంటే శొంఠి కొమ్ములు కొని, దోరగా వేయించి దంచుకుంటే ఘాటు బాగుంటుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా రోజూ తాగొద్దు.

వాము నీళ్లు కడుపు ఉబ్బరానికి బాగా పనిచేశాయి, నొప్పికి కాదు. మెంతులు రెండు నెలలు నానబెట్టి మింగాను, చేదు తప్ప ఏమీ గుర్తులేదు. చిమ్మిలి మాత్రం ఇష్టంగా తింటాను. మా ఇంట్లో పెద్దమనిషి అయిన పిల్లకి నువ్వులు, బెల్లం దంచి పెట్టేది అదే. అది బలానికి మంచి తిండి, నొప్పి మందు అనుకోకూడదు.

అశోకం బెరడుతో చేసే ఆయుర్వేద మందు అశోకారిష్టం నాలుగు నెలలు తాగాను. నా నొప్పిలో మార్పు లేదు. అరిష్టాలు పులియబెట్టి చేస్తారు కాబట్టి అందులో కొంత ఆల్కహాల్ ఉంటుందని నాకు కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. చెట్టు సంగతి కూడా తెలుసుకోవాలి. మందుకి వాడాల్సింది నారింజ రంగు పూలు పూసే అసలు అశోకం బెరడు. రోడ్ల పక్కన నిటారుగా పెరిగే నరమామిడిని కూడా మనం అశోకమనే పిలుస్తాం, దాని బెరడుతో కల్తీ జరుగుతుంటుంది. అందుకని ఎవరో దంచి ఇచ్చే పొడులు నేను కొనను.

వీటన్నిటికంటే త్వరగా ఉపశమనం ఇచ్చింది పొత్తికడుపు మీద వేడినీళ్ల బ్యాగే. అది మూలిక కాదు, అయినా చెప్పకుండా ఉండలేను.

2021 నుంచి నొప్పి తీరు మారింది. డేట్‌కి ఐదు రోజుల ముందే మొదలయ్యేది, బ్లీడింగ్ ఆగాక కూడా ఉండేది. ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్లాలంటే భయం. నేను చేసిందల్లా కషాయం రెండు పూటల నుంచి నాలుగు పూటలకి పెంచడం. ఏడాదిన్నర అలాగే గడిపాను. "పెళ్లయితే సర్దుకుంటుంది" అని చుట్టాలు అంటే నమ్మాను. చివరికి స్కానింగ్‌లో అండాశయం మీద చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి) కనిపించింది. ఎండోమెట్రియోసిస్ అన్నారు. గర్భాశయం లోపలి పొర లాంటిది బయట కూడా పెరిగే జబ్బు అది, ఎంత శొంఠి తాగినా పోదు. ఆ ఏడాదిన్నర తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు డాక్టర్ ఇచ్చిన మందులు వాడుతున్నాను. కషాయం సంగతి కూడా ఆవిడకి చెప్పాను, రెండు పూటలు మించొద్దన్నారు.

మొన్న జూన్‌లో మా పిన్ని కూతురు హాస్టల్‌కి వెళ్తుంటే శొంఠి పొడి డబ్బా, వేడినీళ్ల బ్యాగు సర్ది పెట్టాను. వాటితో పాటు ఒక చిన్న డైరీ కూడా ఇచ్చాను: డేట్ ఎప్పుడొచ్చింది, నొప్పి ఎన్ని రోజులుంది, క్లాసు మానేయాల్సి వచ్చిందా అన్నది రాయమని. రాసిన పేజీ ప్రతి నెలా ఫోటో తీసి నాకు పంపుతోంది.